నాలుగు వేళ్ళ వెలితి

మొదటి పలుకు
జంటపోత ఆగిన మర్నాడు

నా పేరు గురవమ్మ. ఈ ఆనకట్ట లోపలి గదుల్లో, కింది వరసలో ఊట గది మాది. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి ఈ పెట్టె ముందు కూర్చుని నోటితో చెబుతున్నాను. నేను అన్నది అన్నట్టే అచ్చు వేస్తుందనీ, తన సొంతం ఒక్క ముక్క కలపదనీ తీర్పరి వరదయ్య మాట ఇచ్చాడు. మాట తప్పితే పెట్టెనూ వదలను, వరదయ్యనూ వదలను. ఇది కూడా వేసుకో.

నిన్న నా మనవరాలు రవణ పెళ్ళి జరగాలి. జరగలేదు. పెళ్ళికొడుకు పై వరస ఏసోబు. వాణ్ణి పెంచింది వాడి నాయనమ్మ దీనమ్మ. ఆవిడే సారా బట్టీకి పెద్ద. పొద్దు వాలాక కట్ట మీదికెక్కి సర్కారు తుమ్మకాయలు ఏరుకొచ్చి, పులియబెట్టి, కాచి సారా దించడం పై వరసవాళ్ళ పని. ఈ ఆనకట్ట అడుగున రాతి సందుల్లోంచి కారే ఊట పట్టి అన్ని వరసలకూ పంచడం మా పని. మా నీళ్ళు లేకపోతే వాళ్ళ బట్టీ నడవదు. వాళ్ళ సారా లేకపోతే మా దీపం వెలగదు. అందుకే పై వరసకూ కింది వరసకూ పెళ్ళి కుదిరితే తాళి కన్నా ముందు జంటపోత పోస్తాం. ఆడపిల్ల తరఫున బిందెడు నీళ్ళు, మగపిల్లవాడి తరఫున బిందెడు సారా. బిందెలన్నీ ఒకే అచ్చులో చేసినవే. రెండూ ఒకే పాత్రలో పోస్తారు. కలిపినది పాత్ర మీది గీతకు అందితే పెళ్ళి అయినట్టే. ఆ కలిపినదాన్ని మూత బిగించి దాచి, ఆ జంటకు తొలి కాన్పు వచ్చినప్పుడు మంత్రసాని చేతులూ కత్తీ కడగడానికి వాడతారు. జంటపోత కుదరని జంటకు పురిటి గది లేదు.

నిన్న అది గీతకు అందలేదు. నాలుగు వేళ్ళు కిందనే ఆగింది.

ముందు నోరు జారింది దీనమ్మే. "నీళ్ళ కాడ పుట్టినోళ్ళకి నీళ్ళ మీదే కక్కుర్తి" అంది, అందరూ వినేట్టు. నేను ఊరుకునే మనిషిని కాదు. "బిందెలో సారా నీ నోట్లోకి ఎంత పోయిందో ముందు అది తేల్చు వదినా" అన్నాను. తర్వాత ఇంకా అన్నాను గాని, అది విన్నవాళ్ళు విన్నారు, పెట్టెకు అనవసరం. వరదయ్య పాత్రకు లక్క వేసి మా ఇద్దరి వేలిముద్రలూ దాని మీద నొక్కించి నడిమి వరసకు పట్టుకుపోయాడు. తీర్పు వచ్చేదాకా ఇద్దరం మా మాట మేము చెప్పుకోవాలట. నా మాట ఒకటే. నేను చుక్క తగ్గించలేదు.

రెండో పలుకు
అద్దం కూజా గురించి

ఇదివరకు ఈ గొడవ ఎందుకు రాలేదని వరదయ్య అడిగాడు. మంచి ప్రశ్నే. ఇదివరకు జంటపోత మట్టికుండలో పోసేవాళ్ళం. వెడల్పు మూతి కుండ. పోసిన ప్రతిసారీ కొంచెం తగ్గేది. మట్టి కదా, కుండ తాగింది అనేవాళ్ళు. పెద్దవాళ్ళు పక్కన ఒక చెంబు పెట్టుకుని ఉండేవాళ్ళు. అందులో అర చెంబు నీళ్ళు, అర చెంబు సారా. తగ్గిన మేరకు అది పోసి గీత దాకా తెచ్చేవాళ్ళు. దాన్ని కుండ వాటా అంటాం. నా పెళ్ళికీ పోశారు, నా కూతురి పెళ్ళికీ పోశారు. కుండ తాగితే ఎవరి తప్పు? ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఈ ఏడు గాజు కొలిమి సుభానీ కూజా ఊదాడు. మట్టి పాత్రల్లో చేతులు కడిగే మందు పాడవుతోందని మంత్రసానులు పోరు పెడితే చేశాడు. నిండు పొట్ట, సన్నటి మెడ, మెడ మీద ఎర్రగీత. చూస్తే చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. గాజు తాగదు కాబట్టి ఇక కుండ వాటా అక్కర్లేదని వరసలన్నీ కలిసి ఒప్పుకున్నాం. నేనూ తల ఊపాను. ఆ కూజాలో మొదటి జంటపోత రవణదే.

సన్నటి మెడ కదా, కుండలో గోరు మందం కనపడే వెలితి ఇక్కడ నాలుగు వేళ్ళయి కూర్చుంది.

కూజా మీది గీతే తప్పుగా పడి ఉండొచ్చని నేను పట్టుబట్టాను. సుభానీ నొచ్చుకున్నాడు గాని కాదనలేదు. అలాంటిదే, అదే కొలతకు ఊదిన రెండో కూజా తెచ్చాడు. నా బిందెతోనే రెండుసార్లు నీళ్ళు పోశాం. సరిగ్గా ఎర్రగీత మీద నిలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. అంటే కూజా నిజాయితీదే, నా బిందె కూడా నిజాయితీదే. నేను వరదయ్య వైపు చూశాను. ఇప్పుడు దీనమ్మ బిందె తెప్పించమన్నాను. ఆ పూట నాకు అన్నం బాగా సహించింది.

మూడో పలుకు

దీనమ్మ బిందె వచ్చింది. దాంతో రెండుసార్లు సారా పోశారు. అదీ ఎర్రగీత మీదే నిలిచింది.

 దీనమ్మ నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆవిడ ముఖంలో నెత్తురు లేదు, ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. వరదయ్య చెప్పాకే తెలిసింది. రెండు ఇళ్ళూ నిండు బిందెలే పంపాయి. కూజా సరైనదే. మరి తగ్గినదెక్కడ తగ్గింది? ఇంటికీ కూజాకూ నడుమ. ఆ నడుమ మోసింది ఇద్దరే. నీళ్ళు మోసింది రవణ, సారా మోసింది ఏసోబు. నీళ్ళు ఒలికి ఉంటే మెట్ల మీద తడి కనపడేది, ఎవరూ చూడలేదు. సారా ఒలికినా ఆరిపోతుంది, తాగినా ఆనవాలు ఉండదు. బట్టీ కుర్రవాడి ఒంటి మీద సారా వాసన ఎప్పుడూ ఉండేదే.

అలా వేలు ఏసోబు మీదికి తిరిగింది.

సారా దొంగిలించినవాడికి కట్ట మీద పగటి పని వేస్తారు. ఎండను పట్టే అద్దంలాంటి ఎండ పలకలు తుడవాలి, ఒక ఎండాకాలం నిండే దాకా. ఆ పనికి పోయి కళ్ళతో దిగినవాడు లేడు. తుడిచిన ప్రతి పలకలోనూ ఒక సూర్యుడుంటాడు.

సంగతి తెలిశాక రవణ ఏడుస్తుందనుకున్నాను. ఊట తొట్టి కడుగుతూ కూర్చుంది. కడిగిన తొట్టినే మళ్ళీ కడిగింది. నేను తిననంటే తినమని వెంటపడే పిల్ల, ఇవాళ నా ముందు కంచం పెట్టి ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్ళిపోయింది. గొడవ మొదలుపెట్టింది నేను కాదు అన్నాను. వినపడనట్టు పోయింది.

నాలుగో పలుకు

వరదయ్య తనే మా ఊట గదికి దిగి వచ్చాడు. పెట్టె తేలేదు. అందుకే ఆయన అన్నది ఇప్పుడు నేను పెట్టెకు చెబుతున్నాను, ఆయన కూడా తర్వాత చదువుకోవాలి.

మా ఆచారం ఒకటుంది. బిందెలు మోసేటప్పుడు పిల్లల వెనక కాపు నడుస్తాం. పెళ్ళికొడుకు వెనక పెళ్ళికూతురి తాలూకు పెద్దామె, పెళ్ళికూతురి వెనక పెళ్ళికొడుకు తాలూకు పెద్దామె. అవతలి బిందె మూతి మీద నుంచి కన్ను తిప్పకూడదు. అంటే ఆ రోజు ఏసోబు వెనక బట్టీ గడప నుంచి కూజా దాకా నడిచింది నేనే.

వరదయ్య చెడ్డవాడు కాదు. రెండు వరసలూ రాకపోకలు మానేస్తే అందరికంటే ముందు ఎండేది నడిమి వరసే, అది ఆయన బాధ. ఎలాగైనా తెగ్గొట్టాలని వచ్చాడు.

"పెద్దమ్మా, నీ మోకాళ్ళు నాకు తెలియనివా? మెట్ల మలుపులో నువ్వు ఎనకబడే ఉంటావు. ఏసోబు ఒక్క చణం కంటికి ఆనలేదని చెప్పు. ఇంకేం చెప్పొద్దు."

"చెబితే?"

"కేసు తెగుద్ది. నీ మీద మచ్చ ఉండదు."

"ఆనాడని చెబితే?"

ఆయన ఊట తొట్టి వైపు చూశాడు. అప్పుడు సారా తగ్గలేదని తేలుతుందనీ, ఇక తగ్గవలసింది నీళ్ళేననీ, దీనమ్మ రవణ వెనక నడిచినా, తన మనవడు బయటపడ్డాక రవణ కోసం నోరు విప్పదనీ చెప్పాడు. నీళ్ళల్లో మోసం చేసిన ఇంటికి ఊట గది ఉండదు. నేను పుట్టింది ఈ గదిలో. ఏ సందులోంచి ఏ పూట ఎంత కారుతుందో చెవితో చెప్పగలను. నన్ను ఇక్కడి నుంచి లేపితే నేను ఏం పని చేస్తాను, ఎవరికి అక్కరకొస్తాను?

ఆలోచించుకోమని చెప్పి ఆయన మెట్లెక్కాడు. ఆయన అలా వెళ్ళాడో లేదో ఏసోబు దిగాడు. నీళ్ళు పంచే కిటికీ దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. వాడు నన్ను బతిమాలడానికి వచ్చాడనుకుని నేను ముందే ముఖం గట్టిగా పెట్టుకున్నాను. వాడు తాగలేదని కూడా చెప్పలేదు. ఆ సంగతి నాకు తెలుసని వాడికి తెలుసు.

"అమ్మమ్మా, ఎండాకాలం ఎల్లేదాకా రవణని ఆగమని అడిగితే తప్పా?" అన్నాడు.

"కళ్ళు లేకుండా దిగొచ్చి ఏం చేస్తావురా?"

"బట్టీ పని వాసనతో చెయ్యొచ్చు. మా నాయనమ్మ కళ్ళు మూసుకునే చేస్తది."

లోపల తొట్టి కడుగుతున్న చప్పుడు ఆగింది. నేను కిటికీ వేసేశాను.

ఐదో పలుకు
వాదనల పూట అయ్యాక

చెప్పాను. నడిమి వరస సావడిలో, అన్ని వరసలవాళ్ళూ నిండి ఉండగా చెప్పాను. బట్టీ గడప నుంచి కూజా దాకా నా కన్ను బిందె మూతి మీదే ఉంది. మెట్ల మలుపులో నా మోకాలు పట్టేస్తే పిల్లవాడే ఆగాడు, వెనక్కి తిరక్కుండా, బిందెను భుజం మార్చకుండా, నేను మళ్ళీ అడుగు వేసేదాకా. చుక్క ఒలకలేదు, చుక్క తాగలేదు. ఇది గురవమ్మ సాక్ష్యం అన్నాను.

నా పక్షంవాళ్ళు, నా సొంత తమ్ముడి కొడుకుతో సహా, నేను మతి తప్పానని గొణిగారు.  అయితే నీళ్ళే తగ్గాయని ఒప్పుకుంటావా అన్నాడు వరదయ్య. ఒప్పుకోను అన్నాను. అటూ తగ్గక, ఇటూ తగ్గక మొత్తం ఎట్లా తగ్గుతుందని అడిగాడు. నాకు తెలియదు అన్నాను. తెలియదని నలుగురిలో చెప్పడం నాకు అలవాటు లేని పని. 

అప్పుడే నాకు తోచింది. మళ్ళీ పోయమన్నాను. మొదటి కూజా లక్క వేసినట్టే ఉండనీ, సుభానీ దగ్గర రెండోది ఉంది. కొత్తగా బిందెడు నీళ్ళు, బిందెడు సారా. ఈసారి మోసేది పిల్లలు కాదు. రెండు బిందెలనూ నేనూ దీనమ్మా ఇద్దరం పట్టుకుంటాం. ఊట దగ్గర ఆవిడ నా పక్కన నిలబడాలి, బట్టీ దగ్గర నేను ఆవిడ పక్కన నిలబడతాను. అన్ని మెట్లూ కలిసి నడుస్తాం. పెట్టెను కూడా పట్టుకురండి, దానికి కళ్ళు లేకపోయినా మా తిట్లు వింటుంది.

జనం నవ్వారు. దీనమ్మ నవ్వలేదు. లేచి నిలబడి, "నా మనవడి బిందె మీంచి నువ్వు కన్ను తిప్పలేదన్నది నిజమేనా, లేక జాలికి చెప్పావా?" అంది.

"నీ మీద నాకు జాలి ఎప్పుడుంది వదినా?"

"అయితే పద" అంది.

ఆరో పలుకు

పోశాం. బిందెకు రెండు పక్కలా పట్టుకుని ఇద్దరు ముసలివాళ్ళు మెట్లెక్కడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ తొందర మనిషి, నేను ఆగి నడిచేదాన్ని. మొదటి మలుపు దాకా తిట్టుకున్నాం. రెండో మలుపు నుంచి తిట్టడానికి ఊపిరి చాల్లేదు. బిందె మూతి మీద ఆవిడ కన్ను, నా కన్ను. నిండు నీళ్ళు అంచు దాకా వచ్చి ఆగుతుంటే, ఒలకనివ్వకుండా ఇద్దరి చేతులూ వాటంతట అవే సర్దుకున్నాయి.

కూజాలో ముందు నీళ్ళు పోశాం. తర్వాత సారా. సన్నటి మెడలో సారా నీళ్ళ మీద నూనెలా కాసేపు తేలి, నెమ్మదిగా తీగలు తీగలుగా దిగింది. సుభానీ సన్నటి పుల్ల పెట్టి కలిపాడు. అందరం ఎర్రగీత వైపు చూశాం.

నాలుగు వేళ్ళు కిందనే ఆగింది. లక్క వేసిన పాత కూజాను తెచ్చి పక్కన పెట్టారు. రెండు నీటిమట్టాలూ ఒకే గీతలో ఉన్నాయి.

 దొంగ ఎవరూ లేరు. నేను లేను, దీనమ్మ లేదు, పిల్లలు లేరు. అయినా నాలుగు వేళ్ళు లేవు.

సుభానీ మెల్లగా ఒక మాట అన్నాడు. గులకరాళ్ళు నిండిన తట్టలో ఇసుక పోస్తే తట్ట పొంగదు, ఇసుక సందుల్లోకి దిగుతుంది, ఇదీ అలాంటిదేమో అని. నేను ఊరుకోలేదు. రాళ్ళ నడుమ సందులు కళ్ళకు కనపడతాయి, నీళ్ళలో సందులెక్కడున్నాయి అని అడిగాను. నీళ్ళతో పుట్టి నీళ్ళతో ముసలిదాన్నయ్యాను, ఒక్క సందు చూడలేదు. "నేనూ చూళ్ళేదమ్మా, కానీ ఉండాల" అన్నాడు. "లేకపోతే అవి యాడికి పోయినయ్?"   ఇప్పటికీ ఊటలో చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్ళ మధ్య ఆ సందులు వెతుక్కుంటున్నాను.

వరదయ్య తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. కుండ వాటా లాగే కూజా వాటా పోసేద్దాం, గీతకు అందుతుంది, పెళ్ళి ఇవాళే చేసెయ్యొచ్చు అన్నాడు. చెంబు కూడా వచ్చేసింది. దీనమ్మ చెంబు మీద అరచెయ్యి మూతలా పెట్టింది.

"కుండ తాగిందని మా అమ్మ చెప్తే నమ్మాను. కూజా తాగిందని నేను నా మునిమనవళ్ళకి చెప్పను" అంది.

నేను ఆవిడ మాట కాదనలేదు. పెట్టే, ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ ఇలాంటిది జరగకపోవచ్చు. సుభానీ మేకుతో కూజా మెడ మీద, నీళ్ళు నిలిచిన చోట కొత్త గీత గీశాడు. ఎర్రగీతను చెరపలేదు. పిల్లలు దండలు మార్చుకున్నారు. ఏసోబు వేసిన దండ రవణ జడలో చిక్కుకుంటే, తీసిపెట్టమని అది నన్ను పిలిచింది. నాతో మాట్లాడింది.

ఏడో పలుకు

పెళ్ళి భోజనాలు అయ్యాక దీనమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. మిగిలిన ఎంగిలాకులు మడుస్తూ, నా వైపు చూడకుండా అంది. "మరి నాసరయ్య?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆకు చేతిలోంచి జారింది.

నాసరయ్య ఒకప్పుడు మందుల గది మనిషి. పుండ్లు కడిగే మందుకు పై వరస సారానూ మా నీళ్ళనూ కలిపేవాడు. ఏ పూట చూసినా కలిపినది తక్కువే వస్తోందని పట్టుకున్నారు. నేను తాగలేదు, కలిపితే తగ్గుతోంది అని మొత్తుకున్నాడు. జనం నవ్వారు. కొన్నాళ్ళపాటు ఎవరైనా పని ఎగ్గొడితే, ఏమిట్రా కలిపితే తగ్గిందా అని ఆట పట్టించేవాళ్ళు. ఆయన్ను పలకలు తుడవడానికి పంపారు. దిగి వచ్చినప్పటి నుంచి కింది వరస చివర, గాలి గొట్టం కింద ఉంటున్నాడు. తాళ్ళు పేనుకుంటాడు. పెళ్ళికి ఎవరూ పిలవలేదు.

ఇద్దరం వెళ్ళాం. ఏం చెప్పాలో దారిలో అనుకోలేదు. నేను మొదలుపెట్టాను. రెండు బిందెలు, కూజా, నాలుగు వేళ్ళు, నా చేతులూ దీనమ్మ చేతులూ అన్నీ చెప్పాను. ఆయన తాడు పేనడం ఆపకుండా విన్నాడు. దీనమ్మ ఏడుస్తోంది, ఆయనకు వినపడకుండా. అయినా విన్నాడు, తల అటు తిప్పాడు.

"కలపంగనే కూజా మీద చెయ్యి ఏశారా?" అని అడిగాడు.

వేశాను. కూజా జారకుండా పట్టుకున్నది నేనే.

"యెచ్చగా ఉందా?"

అప్పుడు తెలిసింది. గాజు నా అరచేతిలో వెచ్చబడింది. ఊట నీళ్ళు చల్లన, సారా చల్లన. దీనమ్మ చెయ్యి తగిలి అలా అనిపించిందనుకున్నాను, ఆవిడ వేడి నాకెందుకని చెయ్యి తీసేశాను కూడా. ఎవరికీ చెప్పలేదు. ఉంది అన్నాను.

"ఆ రోజున నేనూ చెప్పాను, ముట్టుకుని సూడండయ్యా, కలిసేటప్పుడు యెచ్చబడతది, ఏదో జరుగుతోంది లోపల అని. గిన్నె ఎదురుగా పెట్టాను. ఒక్కరూ చెయ్యి సాచలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉన్నా నాకు బాగుండేది.

పెట్టే, విను. నా కేసు అయిపోయింది, దాన్ని మూసుకో. ఇది వేరే కేసు. ఫిర్యాది నాసరయ్య, మందుల గది. నోరు నాది, సాక్ష్యం దీనమ్మది, పక్కనే కూర్చుని ఉంది, తనూ చెబుతుంది. పోయిన కళ్ళు తెమ్మని మేము అడగడం లేదు. ఆ రోజు సావడిలో నవ్విన వరసలన్నీ మళ్ళీ అదే సావడికి రావాలి. గిన్నెలో నీళ్ళూ సారా నాసరయ్యే కలుపుతాడు. వచ్చిన ప్రతి మనిషీ, వరదయ్యతో మొదలుపెట్టి, ముందుకొచ్చి దాని మీద చెయ్యి వెయ్యాలి.